ప్రణాళికా వ్యవస్థ నుంచి బయటపడిన కంపెనీలో పని విధానాన్ని తిరిగి నిర్మించడం ఎలా: ఇండెంట్ నుంచి చెల్లింపు దాకా సమగ్ర మార్గదర్శి

రష్యాలో, రాజధానికి దూరంగా ఉన్న ఒక పారిశ్రామిక పట్టణంలో మధ్యస్థాయి ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. సోవియట్ కాలంలో కట్టారు, 1990లలో ప్రైవేటుపరం చేశారు, ఇప్పుడు మూడో యజమాని నడుపుతున్నాడు. అక్కడ ఒక పంపుకు వాల్వు పాడైంది. కొత్త వాల్వు ధర మెకానిక్ రెండు రోజుల జీతం కన్నా ఎక్కువ కాదు. దానికోసం రాసిన ఇండెంట్ (సరుకు కావాలని కోరే పత్రం) మీద మాత్రం 11 సంతకాలు, 4 ముద్రలు పడ్డాయి; వాల్వు స్టోర్స్‌కు చేరేసరికి 31 రోజులు గడిచాయి. ఈ ఫ్యాక్టరీ నేను కల్పించుకున్న నమూనాయే, అయినా రష్యా వంటి దేశాల్లో ఈఆర్‌పీ (కంపెనీ పనులన్నింటినీ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) పనుల మీద తిరిగిన మన హైదరాబాద్ కన్సల్టెంట్లలో చాలామంది దీన్ని వెంటనే గుర్తుపడతారు. కేంద్ర ప్రణాళిక నుంచి మార్కెట్‌కు మళ్లిన దేశాలను పరివర్తన దశ ఆర్థిక వ్యవస్థలంటారు. అలాంటి చోట ఒక కంపెనీ పని విధానాన్ని మొదలంటా మార్చాలంటే ఏ వరుసలో ఏమేం చేయాలో ఈ వాల్వు వెంటే నడుస్తూ చూద్దాం.

పాశ్చాత్య పాఠం యథాతథంగా ఎందుకు అతకదు

వ్యాపార ప్రక్రియల పునర్నిర్మాణం అనగానే అందరూ చెప్పే ఉదాహరణ ఫోర్డ్ కంపెనీది. అమెరికన్ మేనేజ్‌మెంట్ నిపుణుడు మైఖేల్ హామర్ 1990లో దాన్ని వివరించి ప్రసిద్ధం చేశాడు. ఉత్తర అమెరికాలో ఫోర్డ్ సరఫరాదారుల బిల్లులు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా పనిచేసేవారు. కంప్యూటర్లు పెట్టి వారిలో 20 శాతం మందిని తగ్గించాలని యాజమాన్యం అనుకుంటున్న సమయంలో, జపాన్‌కు చెందిన మాజ్దాలో అదే పని అయిదుగురు చేస్తున్నారని తెలిసింది. ఫోర్డ్‌లో పర్చేజ్ ఆర్డరు, సరుకు అందిన పత్రం, ఇన్‌వాయిస్ మూడింటిలోనూ కలిపి 14 అంశాలు సరిపోల్చి, తేడా కనిపిస్తే వారాల తరబడి ఉత్తరాలు నడిపేవారు. చివరికి ఇన్‌వాయిస్‌నే ఎత్తివేసి, సరుకు దింపే చోటుకు రాగానే ఆర్డరుతో పోల్చి, సరిపోతే నేరుగా చెల్లించే పద్ధతి పెట్టారు. సిబ్బంది 75 శాతం తగ్గారు.

మన నమూనా ఫ్యాక్టరీలో ఇదే చేయబోతే మొదటి వారంలోనే రెండు గోడలు తగులుతాయి. రష్యాలో కొనుగోలుదారు కట్టిన వ్యాట్‌ను తన పన్నులో మినహాయించుకోవాలంటే ‘ష్చోత్-ఫక్తూరా’ అనే పన్ను ఇన్‌వాయిస్ చేతిలో ఉండాలి. దాన్ని ఎత్తివేయడమంటే ఆ మినహాయింపును వదులుకోవడమే. రెండో గోడ ఇంకా లోతైనది. ఫోర్డ్‌లో సరుకు ముందు వస్తుంది, డబ్బు తరువాత వెళుతుంది. ఇక్కడ చాలా సందర్భాల్లో డబ్బు ముందు వెళ్లాలి, ఎందుకంటే ముక్కూమొహం తెలియని కొనుగోలుదారుకు ఏ సరఫరాదారూ అప్పుగా సరుకివ్వడు. కాబట్టి ఫోర్డ్ తీసేసిన మెట్టు గురించి కాకుండా, ఆ మెట్టు అక్కడ అసలెందుకు పుట్టిందని వాళ్లు వేసుకున్న ప్రశ్న గురించి ఆలోచించాలి.

1. ఒక్క ప్రక్రియను పట్టుకోండి, ఇద్దరిని ఒప్పించండి

కంపెనీ మొత్తాన్ని ఒకేసారి తిరగరాయాలన్న ఉబలాటం యజమానులకు ఉంటుంది, కన్సల్టెంట్లకు ఇంకా ఎక్కువ ఉంటుంది. ఇండెంట్ నుంచి చెల్లింపు దాకా సాగే కొనుగోలు ప్రక్రియ ఒక్కటే తీసుకోండి. అది వర్క్‌షాపు, స్టోర్స్, పర్చేజ్, అకౌంట్స్ అన్నింటినీ తాకుతుంది కనుక కంపెనీ జబ్బులన్నీ అందులోనే బయటపడతాయి.

ఒప్పించవలసిన ఇద్దరిలో ఒకరు యజమాని లేదా జనరల్ డైరెక్టర్. రెండో వ్యక్తిని బయటివారు తరచూ తక్కువ అంచనా వేస్తారు. ఆమె చీఫ్ అకౌంటెంట్. ఈ దేశాల్లో ఆ కుర్చీలో ఎక్కువగా మహిళలే కనిపిస్తారు. రష్యాలో 1996 నాటి అకౌంటింగ్ చట్టం ప్రకారం చీఫ్ అకౌంటెంట్ సంతకం లేని డబ్బు పత్రం చెల్లేదే కాదు. 2013 జనవరి 1 నుంచి అమలైన కొత్త చట్టంలో ఆ నిబంధన లేదు. అయినా రెండు దశాబ్దాలకు దగ్గరగా చట్టం ఇచ్చిన అధికారం ఒక్కరోజులో కరిగిపోదు, పన్ను అధికారి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పేదీ ఆమే. కాబట్టి కొత్త ప్రక్రియ బొమ్మను గీసి ఆమెకు చూపించడం కాదు, పెన్సిల్ ఆమె చేతిలో ఉండగానే ఆ బొమ్మ గీయాలి.

2. మనుషుల్ని అడగడం తరువాత, ముందు కాగితం వెంట నడవండి

‘మీ పని ఎలా జరుగుతుంది?’ అని అడిగితే ప్రతి ఒక్కరూ నియమావళిలో ఉన్నదే చెబుతారు. ప్రణాళికా కాలంలో పెరిగిన సంస్థల్లో రాతకూ చేతకూ మధ్య దూరం మరీ ఎక్కువ, ఎందుకంటే అప్పట్లో రాత పైవాళ్లకోసం, చేత ఉత్పత్తి కోసం. అందువల్ల గత సంవత్సరంలో ముగిసిన కొనుగోలు ఫైళ్లు ఓ 30 తీయించండి. పెద్దవి, చిన్నవి, అత్యవసరమైనవి కలిసి ఉండాలి. ప్రతి సంతకం పక్కన తేదీ, ఆ బల్ల మీద అసలు పని ఎంతసేపు జరిగిందో అంచనా రాయండి.

మన వాల్వు ఫైలులో లెక్క ఇలా తేలింది. మెకానిక్ ఇండెంట్ రాసిన రోజును ఒకటో రోజు అనుకుంటే, స్టాకు లేదని స్టోర్స్ రాసింది రెండో రోజున. చీఫ్ మెకానిక్ సంతకం నాలుగో రోజున, ‘పరిమితిలోనే ఉంది’ అని ప్లానింగ్ విభాగం ముద్ర ఏడో రోజున పడ్డాయి. మూడు కొటేషన్లు, వాటి కంపారిటివ్ స్టేట్‌మెంట్ పూర్తయ్యేసరికి 13వ రోజు. సరఫరాదారు నమ్మదగినవాడా కాదా అని కంపెనీ భద్రతా విభాగం తేల్చింది 17వ రోజున. లాయరు ఒప్పందం చూసింది 20న, చీఫ్ అకౌంటెంట్ సంతకం 22న. చెల్లింపులు మంగళ, గురువారాల్లోనే జరుగుతాయి కనుక డబ్బు 24న వెళ్లింది. లారీ వచ్చింది 31న. లారీ ప్రయాణం పక్కనపెడితే, ఈ 24 రోజుల్లో మనుషులు నిజంగా చేయి పెట్టి చేసిన పని నాలుగు గంటలు దాటలేదు. మిగిలినదంతా కాగితం ఏదో ఒక ట్రేలో పడుకున్న కాలమే.

ఈ తేదీల పట్టికను గోడకు అతికించండి, కానీ అందులో పేర్లు రాయకండి. పేర్లు కనిపించిన మరుక్షణం చర్చ ప్రక్రియను వదిలేసి మనుషుల మీదికి మళ్లుతుంది.

3. ప్రతి మెట్టుకూ పుట్టుక అడగండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. మార్కెట్ వాతావరణంలోనే పెరిగిన కంపెనీలో పనికిరాని మెట్టు సాధారణంగా బద్ధకం వల్లో అలవాటు వల్లో మిగిలిపోతుంది. ఇక్కడ ప్రతి మెట్టూ ఒకప్పుడు నిజమైన బాధకు మందుగా పుట్టింది. ఆ బాధ పోయిందా, ఇంకా ఉందా అన్నది తేల్చకుండా మెట్టును కూలగొట్టకూడదు.

పొరలు పొరలుగా చూడాలి. అడుగున ఉన్నది కొరత పొర. సోవియట్ కాలంలో ఏం తయారుచేయాలో గోస్‌ప్లాన్ నిర్ణయిస్తే, ఎవరి దగ్గర ఏ ముడిసరుకు తీసుకోవాలో గోస్‌నాబ్ కేటాయించేది. కేటాయింపు కాగితం మీద ఉన్నంత మాత్రాన సరుకు వచ్చేది కాదు. అందుకే ఫ్యాక్టరీలు అవసరానికి మించి అడిగేవి, దొరికినదల్లా దాచుకునేవి, సరఫరాదారుల చుట్టూ తిరిగి సరుకు కదిలించడానికి ‘తొల్‌కాచ్’ అనే మనిషిని పెట్టుకునేవి. మన ఫైలులో ప్లానింగ్ విభాగం వేసిన ‘పరిమితిలోనే ఉంది’ ముద్ర ఆ కేటాయింపుల కాలపు వారసత్వమే. సరుకు కొరత పోయింది కనుక ఈ ముద్రకు తల్లి, అంటే దాన్ని పుట్టించిన అవసరం, చనిపోయింది. బడ్జెట్ అదుపు కావాలంటే నెలకొకసారి విభాగం మొత్తం ఖర్చు చూస్తే సరిపోతుంది, వాల్వు వాల్వుకూ చూడనక్కరలేదు.

దాని మీద డబ్బు కటకట పొర ఉంటుంది. 1992 జనవరి 2న రష్యా చాలా ధరల మీద అదుపు ఎత్తివేశాక సరుకు కనిపించసాగింది, డబ్బు మాయమైంది. 1998 నాటికి పారిశ్రామిక అమ్మకాల్లో దాదాపు సగం వస్తుమార్పిడి రూపంలోనే సాగాయి. ఎవరి బాకీని ఎవరి సరుకుతో చెల్లగొట్టాలో బుర్రలో పెట్టుకుని తిరిగే మనుషులు, రోజూ ఉదయం ‘ఈ రోజు ఎవరికి కడదాం’ అని కూర్చునే సమావేశాలు అప్పుడే పుట్టాయి. వారానికి రెండు రోజులే చెల్లించే మన ఫ్యాక్టరీ ఆచారం ఆ సమావేశానికి మనవడు. దీన్ని తీసేసేముందు కంపెనీ చేతిలో నగదు ఎంత ఉంటుందో నిజాయితీగా లెక్క చూసుకోవాలి. కటకట ఇంకా ఉంటే ఆ మెట్టు ఉండనివ్వండి, చిన్న మొత్తాలకు మాత్రం మినహాయింపు ఇవ్వండి.

మూడో పొర చట్టం, పన్ను. ఇక్కడే చచ్చిన మెట్లూ బతికిన మెట్లూ కలగాపులగంగా ఉంటాయి. ప్రభుత్వం నిర్ణయించిన ఫారాలనే వాడాలన్న నిబంధన పైన చెప్పిన అకౌంటింగ్ చట్టంతోనే 2013లో చాలా వరకు సడలింది. అదే సంవత్సరం అక్టోబరులో, సరుకు అప్పగింత పత్రాన్ని, పన్ను ఇన్‌వాయిస్‌ను ఒకటిగా కలిపిన పత్రాన్ని పన్నుల శాఖే సూచించింది. గుండ్రటి ముద్ర తప్పనిసరి అన్న నియమాన్ని 2015 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. అయినా పాత ఫారాలు ప్రింటవుతూనే ఉంటాయి, ముద్ర లేని కాగితాన్ని వెనక్కి పంపే గుమాస్తాలు ఇప్పటికీ ఉన్నారు. ముద్రల మీద మమకారం ఎంత గట్టిదో ఆంధ్రలోనో తెలంగాణలోనో ప్రభుత్వ కార్యాలయం గడప ఎక్కినవారికి నేను చెప్పనక్కరలేదు.

భద్రతా విభాగం తనిఖీని చూడగానే బయటినుంచి వచ్చినవాడు నవ్వుతాడు. కానీ దాని తల్లి బతికే ఉంది. పేరుకు మాత్రమే ఉండి, పన్ను ఎగవేసి మాయమయ్యే ‘ఒకరోజు కంపెనీ’ల దగ్గర కొంటే కొనుగోలుదారు వ్యాట్ మినహాయింపును పన్ను అధికారులు నిరాకరించవచ్చు. సరఫరాదారును ఎంచుకోవడంలో తగిన జాగ్రత్త చూపానని నిరూపించుకోవలసిన బాధ్యత వ్యాపార వివాదాలు చూసే అత్యున్నత ఆర్బిత్రాజ్ న్యాయస్థానం 2006లో చేసిన తీర్మానం తరువాత కంపెనీలకు నిత్యకృత్యమైంది. కాబట్టి తనిఖీ ఉండాలి. ఆర్డరు ఆర్డరుకూ ఉండాలా, సరఫరాదారుకు ఏడాదికొకసారి సరిపోతుందా అన్నదే అడగవలసిన ప్రశ్న.

చివరి పొర అపనమ్మకం. మూడు కొటేషన్ల నియమం దాని సంతానం. పర్చేజ్ ఉద్యోగి సరఫరాదారు దగ్గర ‘అత్కాత్’, అంటే వెనకచేతి వాటా తీసుకుంటాడన్న భయంతో యజమాని దాన్ని పెట్టాడు. అయితే వాటా తీసుకోదలచినవాడికి మూడు కొటేషన్లు అడ్డు కావు. మిగిలిన రెండూ అదే స్నేహితుడు రాయించి పంపిస్తాడు. ఈ మెట్టుకు తల్లి బతికే ఉంది గానీ మందు పనిచేయడం లేదు, కనుక మందు మార్చాలి.

నేను ఒకసారి ఇక్కడ తప్పుచేశాను. ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ విభాగం ప్రతి లారీకి రాసి ఇచ్చే ఒక అధికార పత్రం దండగ అనిపించింది, ఎందుకంటే దాని నకలు లోపల ఎవరూ చదివేవారు కాదు. కొత్త బొమ్మలో దాన్ని తీసేశాం. మొదటి వారంలో మా డ్రైవరు మూడు వందల కిలోమీటర్లు వెళ్లి ఖాళీ లారీతో తిరిగొచ్చాడు. ఆ పత్రం లేనిదే సరఫరాదారు గేటు దగ్గర సరుకు అప్పగించరు. మెట్టు మా ఇంట్లోది, తల్లి పక్కింట్లో ఉంది. అప్పటినుంచి, ఏ మెట్టు ఎందుకు పుట్టిందో రాసుకునే పుట్టుక పట్టికలో ‘ఈ కాగితం కంపెనీ బయట ఎవరికి కావాలి?’ అనే గడి ఒకటి చేర్చుకున్నాను.

4. కొత్త దారి గీయండి

పుట్టుకలు తేలాక గీయడం పెద్ద కష్టం కాదు. తరచూ కొనే సామగ్రికి ఏడాది కాలపు రేట్ కాంట్రాక్టు చేసుకోవాలి. భద్రతా విభాగం తనిఖీ, లాయరు పరిశీలన, ధరల బేరం అన్నీ ఆ కాంట్రాక్టు దగ్గరే ఒకసారి ముగుస్తాయి. ఆ తరువాత నిర్ణీత మొత్తం లోపల ఉన్న ఆర్డరును మెకానికే నేరుగా పెట్టవచ్చు, ఖర్చు అతని విభాగం నెలసరి బడ్జెట్‌లో పడుతుంది. సరఫరాదారు అప్పు ఇవ్వడానికి ఒప్పుకోకపోతే, అతని దగ్గర కొంత మొత్తం ముందుగా ఉంచి, దాంట్లోంచి తగ్గించుకుంటూ పోయే ఏర్పాటు చేసుకోవాలి. దీనివల్ల ప్రతి వాల్వుకూ విడిగా అడ్వాన్సు పంపే పని తప్పుతుంది.

అపనమ్మకానికి కొత్త మందు వెనకనుంచి చేసే తనిఖీ. నెలకు కొన్ని ఆర్డర్లను చీటీ తీసి ఎంచుకుని, పర్చేజ్‌తో సంబంధం లేని మనిషి వాటి ధరలను మార్కెట్‌లో విచారించాలి. అన్ని ఆర్డర్లనూ ముందే ఆపి చూసే పాత పద్ధతి కన్నా దీనికి జనం ఎక్కువ జాగ్రత్తపడతారు, ఎందుకంటే ఏది పట్టుబడుతుందో ముందుగా తెలియదు.

ఈ దారిలో మన వాల్వుకు ఒకటో రోజున ఆర్డరు వెళుతుంది, రెండో రోజున సరుకు బయలుదేరుతుంది, తొమ్మిదో రోజున స్టోర్స్‌కు చేరుతుంది. అందులో ఏడు రోజులు లారీవే.

5. సరుకు పేర్లు సరిచేశాకే సాఫ్ట్‌వేర్

రష్యాలోనూ ఇరుగుపొరుగు దేశాల్లోనూ ‘1సీ’ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ విస్తృతంగా వాడుకలో ఉంది. స్థానికులు ‘అదీన్ ఎస్’ అంటారు. దాన్ని తీసేసి పెద్ద విదేశీ ఈఆర్‌పీ పెట్టాలన్న తొందర వద్దు. పాత ప్రక్రియను ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే పదకొండు సంతకాలు పదకొండు క్లిక్కులవుతాయి, అంతే.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు సరుకుల జాబితా తెరిచి చూడండి. అంతర్జాతీయ గుర్తింపులో 6205 అనే బేరింగును సోవియట్ ప్రమాణాల్లో 205 అంటారు. రెండు వైపులా రబ్బరు మూత ఉన్న రకం పాత లెక్కలో 180205. ముసలి స్టోర్‌కీపరు ఒక పేరుతో, కొత్త ఇంజినీరు మరో పేరుతో ఎక్కిస్తారు. ఒక పేరు కింద స్టాకు సున్నా కనిపిస్తుంది, అదే బేరింగులు ఇంకో పేరు కింద అల్మారాలో నలభై ఉంటాయి. దీనికి తోడు రష్యన్ లిపిలోని కొన్ని అక్షరాలు రోమన్ లిపిలోని వాటిలాగే ఉంటాయి. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు. అందువల్ల వెతికితే దొరకని సరుకును మళ్లీ కొంటారు. ఈ జాబితాను ఇద్దరు మనుషులు, ఒకరు స్టోర్స్‌నుంచి ఒకరు వర్క్‌షాపునుంచి, అల్మారాల ముందు నిలబడి సరిచేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటవేసిన ప్రాజెక్టు కుదురుకోవడం నేను చూడలేదు.

6. మనుషుల సంగతి

మనుషుల విషయాన్ని తక్కువగా పట్టించుకున్నానని హామరే తరువాతి కాలంలో ఒప్పుకున్నాడు. ఈ దేశాల్లో ఆ పొరపాటు ఖరీదు ఇంకా ఎక్కువ. సోవియట్ ఫ్యాక్టరీ జీతం మాత్రమే ఇచ్చేది కాదు. ఇల్లు, పిల్లల బడి, సెలవుల విడిది కూడా దానివే. ఒకే ఫ్యాక్టరీ మీద బతికే పట్టణంలో ఉద్యోగం పోవడమంటే ఊరు వదలడమే కావచ్చు. చట్టం కూడా గట్టిగానే ఉంది. రష్యాలో సిబ్బందిని తగ్గించదలిస్తే ప్రతి ఒక్కరికీ కనీసం రెండు నెలల ముందు నోటీసు ఇచ్చి సంతకం తీసుకోవాలి. పెద్ద సంఖ్యలో తొలగిస్తున్నప్పుడు కార్మిక సంఘానికి మూడు నెలల ముందే తెలపాలి, తొలగించినవారికి సగటు నెల జీతం పరిహారంగా ఇవ్వాలి. కాబట్టి ఎంతమంది తగ్గుతారన్న లెక్కతో ప్రాజెక్టు మొదలుపెట్టకండి. సంతకాల మెట్ల నుంచి విడుదలైనవారిని వెనక తనిఖీకి, సరుకుల జాబితా పనికి మళ్లించే అవకాశం ముందు చూడండి.

బయటి నిపుణుణ్ని తెచ్చేటట్లయితే ఒంటరిగా కుర్చీలో కూర్చోబెట్టవద్దు. 1991లో ఫోక్స్‌వాగన్ చెక్ కంపెనీ స్కోడాలో వాటా తీసుకున్నాక, ఒక విదేశీ మేనేజరును, ఒక స్థానిక మేనేజరును జోడెడ్లలా కట్టి ఒకే బాధ్యత అప్పగించే పద్ధతి నడిపారు. స్థానికుడికి మెట్టు పుట్టుక తెలుసు, బయటివాడికి దాన్ని ప్రశ్నించే ధైర్యం ఉంటుంది.

7. ప్రయోగం ఎక్కడ, ఎప్పుడు

ఒక వర్క్‌షాపు, ఒక రకం సామగ్రి తీసుకుని మూడు నెలలు నడపండి. నెల చివరి పది రోజుల్లో మొదలుపెట్టకండి. నెలాఖరున ఎగబడి లక్ష్యం పూర్తిచేసే సోవియట్ అలవాటు ఇంకా చాలా ఫ్యాక్టరీల్లో ఉంది. ప్రతి త్రైమాసికం ముగిసిన తరువాతి నెలలో 25వ తేదీ లోపల వ్యాట్ రిటర్ను వేయాలి కనుక ఆ రోజుల్లో అకౌంట్స్ విభాగాన్ని కదిలించినా లాభం ఉండదు. పాత పద్ధతీ కొత్త పద్ధతీ పక్కపక్కన నడపాలన్న సలహా వినిపిస్తుంది. రెండు వారాలకు మించి ఒప్పుకోవద్దు, ఆ పైన జనం పాతదాన్నే నమ్ముతారు.

ఇదే పని వియత్నాంలో చేస్తుంటే పుట్టుక పట్టికను కొత్తగా తయారుచేసుకోవాలి. అక్కడ కంపెనీ ముద్ర విషయంలో మరింత స్వేచ్ఛ ఇచ్చిన చట్టం 2021 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్ 2022 జులై 1 నుంచి తప్పనిసరి అయింది. ప్రశ్నలు అవే, జవాబులు వేరు.

ప్రయోగం ముగిశాక కొలవవలసినవి మూడే: ఇండెంట్ నుంచి సరుకు దాకా రోజులు, ఒక్కో ఆర్డరుకు తగిలిన చేతుల సంఖ్య, కదలని స్టాకు విలువ. నాలుగోది అంకెల్లో దొరకదు. ఆరు నెలల తరువాత, చెప్పాపెట్టకుండా ఒకరోజు స్టోర్స్‌కు వెళ్లి, స్టోర్‌కీపరు సొరుగులో చేత్తో రాసుకున్న నోటుపుస్తకం మళ్లీ కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే కోప్పడకుండా పక్కన కూర్చుని, అందులో అతను రాసుకుంటున్నది, కంప్యూటర్‌లో రాయలేకపోతున్నది ఏమిటో అడిగి, ఆ గడిని వచ్చే వారమే సాఫ్ట్‌వేర్‌లో చేర్పించండి.